వాడికి జపాలు రావు

ఒక యింట్లో బిడ్డ అందరిలా లేడని తెలిసినపుడు మన వూళ్ళలో మొదట పుట్టే ప్రశ్న "యేం చేద్దాం?" అని కాదు, "యెవరి పాపమమ్మా యిది?" అని. కొందరు పూర్వజన్మ అంటారు. కొందరు గ్రహణం నాడు తల్లి గడప దాటిందంటారు. మా కతోలిక కుటుంబాలలో పూర్వజన్మ మాట చెల్లదు గనుక తీర్చని మొక్కుబడి అంటారు, లేదా తాత చేసిన అన్యాయం అంటారు. పేర్లు వేరు గాని లెక్క ఒకటే. యీ లెక్క క్రీస్తు ప్రభువు శిష్యులకూ వచ్చు. దారిలో పుట్టుగుడ్డివాడు కనిపించగానే అది వాడి పాపఫలమా, కన్నవాళ్ళ పాపఫలమా అని వాళ్ళు గురువును అడిగినట్లు యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయంలో వుంది. రెండూ కాదని ఆయన తేల్చి చెప్పాడు. చెప్పి రెండువేల సంవత్సరాలు కావస్తున్నా, తిరువూరు దగ్గర మా పెనుగొలనులో ఆ ప్రశ్న యింకా అరుగుల మీద కూర్చునే వుంది.

యీ వ్యాసం మా తమ్ముడి గురించి. వాడి పేరు వ్రాయను. వాడి అనుమతి అడిగే దారి నాకింకా దొరకలేదు. వాడికి యిప్పుడు 14 యేళ్ళు. మాటలు రావు. బొత్తిగా రావని కాదు. "నీళ్ళు", "బండి", "వద్దు" అంటూ నాలుగైదు వున్నాయి. "అమ్మ" అన్న మాట తొమ్మిదో యేట వచ్చింది. మిరపకాయల కాలంలో కళ్ళం దగ్గరకు తీసికొనిపోతే, అందరూ తాలుకాయలు యేరుతుంటే వాడు యెర్రటి కాయలను ఒక్కొక్కటే తీసి, తొడిమలన్నీ తూర్పు వైపుకు వుండేటట్లు వరస పేరుస్తాడు. ఆ వరసను యెవరైనా తొక్కితే వాడు పడే బాధ చూడలేం. నీళ్ళ మోటారు చప్పుడు గంటలకొద్దీ వింటాడు గాని, మైకు పెడితే రెండు చెవులూ మూసికొని మంచం కింద దూరుతాడు. పెరుగన్నం, అప్పడం తప్ప మూడోది నోట పెట్టడు. మన కళ్ళలోకి చూడడు. కాని గడపలో యే చెప్పులు యెవరివో వాడికి తెలిసినంత మాకెవరికీ తెలియదు.

అయిదో యేట విజయవాడ తీసికొనిపోతే అక్కడి డాక్టరుగారు దీన్ని ఆటిజం అంటారని చెప్పారు. "మందు వుందాండీ?" అని నాన్న అడిగాడు. "మందు లేదు. నేర్పటం వుంది, ఓపిక వుంది" అన్నారాయన. తిరుగు బస్సులో మైలవరం దాకా నాన్న నోరు విప్పలేదు. తర్వాత, "అయితే యిది జబ్బు కాదన్నమాట. వాడి తీరు" అన్నాడు. అంతకంటే బాగా చెప్పినవాణ్ణి నేను యింకా చూడలేదు.

ఆటిజం అంటే మెదడు యెదిగే తీరులోనే వుండే ఒక భేదం. చూపు, చప్పుడు, స్పర్శ, మాట, మనుషులతో మెలగటం - యివన్నీ ఆ బిడ్డకు మరో విధంగా అందుతాయి. కొందరు బాగా చదువుతారు, ఉద్యోగాలు చేస్తారు. కొందరికి మాటే రాదు. 1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో లియో కానర్ అనే వైద్యుడు యిలాంటి 11 మంది పిల్లలను గురించి వ్రాసిన తర్వాత యీ పేరు నిలబడింది. అయితే విచిత్రమేమంటే, వైద్యశాస్త్రం కూడా చాలాకాలం మా వూరి అరుగు మీది మాటే మాట్లాడింది! తల్లిదండ్రుల మనసులో వెచ్చదనం లేకనే పిల్లలు యిలా ముడుచుకుపోతారన్నారు. 1967లో బ్రూనో బెట్టెల్‌హైమ్ వ్రాసిన పుస్తకం యీ నిందను లోకమంతా చాటింది. అంతకు ముందే, 1964లో, బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు యిది శరీర సంబంధమైనదే గాని పెంపకం దోషం కాదని వాదించాడు. ఆయన కొడుక్కీ ఆటిజమే. 1977లో కవలపిల్లలను పరిశీలించిన ఫోల్‌స్టైన్, రట్టర్ అనే పరిశోధకులు యిందులో వంశపారంపర్యంగా వచ్చే అంశం బలంగా వుందని చూపించారు. యీ రోజున తల్లి ప్రేమ లోపమని చెప్పే శాస్త్రజ్ఞుడు లేడు.

యీ సంగతి అమ్మకు చెబితే కాసేపు వూరుకొని, "అయితే తెల్లదొరల దేశంలో కూడా ముందు తల్లినే అన్నారన్నమాట" అంది. నవ్వుతూనే అంది. కాని ఆ రోజు సాయంత్రం చాలా రోజుల తర్వాత పక్కింటి పేరంటానికి వాణ్ణి వెంటబెట్టుకొని వెళ్ళింది.

యిక రెండో ప్రశ్న. మా యింటికి వచ్చిన చుట్టమొకాయన అన్నం తింటూ, "చదువు రాదు, సంపాదన రాదు, వీడు యెందుకు పనికొస్తాడ్రా?" అన్నాడు నాన్నతో. ఆయన చెడ్డవాడు కాదు, జాలితోనే అన్నాడు. కాని చరిత్రలో యీ ప్రశ్నకు నిజంగానే జవాబు చెప్పినవాళ్ళున్నారు. హిట్లరు జర్మనీలో మనోవైకల్యం గలవారిని, మానసిక రోగులను ఊరికే తినే నోళ్ళుగా లెక్కగట్టి, 1941 ఆగస్టు నాటికి 70 వేల మందికి పైగా విషవాయువుతో చంపారు. ఆ యేడు ఆగస్టు 3న మ్యూన్‌స్టర్ మేత్రాణులు క్లెమెన్స్ ఆగస్ట్ ఫాన్ గాలెన్ గుడిలో ప్రసంగ పీఠమెక్కి దాన్ని బాహాటంగా ఖండించాడు. పనికిరాడని ఒక మనిషిని చంపవచ్చునని ఒప్పుకుంటే, రేపు ముసలివాళ్ళమయ్యాక మనందరి గతి యేమిటి, యుద్ధంలో కాళ్ళు పోయి వచ్చిన సైనికుల గతి యేమిటి అన్నది ఆయన వాదం. మూడు వారాలకు, ఆగస్టు 24న, ఆ విషవాయువు పథకాన్ని ఆపమని హిట్లరు ఉత్తర్వు యిచ్చాడు. హత్యలు మాత్రం ఆగలేదు. ఆకలితో, సూదులతో చాటుమాటుగా సాగాయి. వియన్నాలోని ఆమ్ ష్పీగెల్‌గ్రుండ్ అనే చోట 789 మంది పిల్లలు చనిపోయారు.

అదే వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ అనే వైద్యుడుండేవాడు. 1944లో ఆటిజం గురించి వ్రాసి, తర్వాత చాలాకాలానికి ప్రపంచ ప్రసిద్ధుడైనవాడు. భక్తుడైన కతోలికుడు. తెలివైన ఆటిజం పిల్లలను వెనకేసుకొచ్చినవాడని ఆయనకు పేరు. కాని 2018లో హెర్విగ్ చెక్ అనే చరిత్రకారుడు ఆనాటి ఆసుపత్రి కాగితాలు బయటపెట్టాడు. తీవ్రమైన వైకల్యం వున్న కొందరు పిల్లలను ఆ ష్పీగెల్‌గ్రుండ్‌కు పంపమని వ్రాసిన చీటీల మీద ఆయన సంతకం వుంది. ఆ మేత్రాణులూ కతోలికుడే, ఆ వైద్యుడూ కతోలికుడే. జపాలు యిద్దరికీ వచ్చు. ఒకడు మనిషిని చూశాడు, ఒకడు పనికొస్తాడా అని చూశాడు. మా చుట్టం అన్న మాటకు యింత దూరం పోవాలా అని మీరడగవచ్చు. ఆ ప్రశ్న మొదలయ్యేది అన్నం తినే చోటనే గదా!

మూడో ప్రశ్న గుడిలోనే పుట్టింది. వాడికి పదో యేడు వచ్చేసరికి వాడి యీడు పిల్లలంతా తొలి దివ్యసత్ప్రసాదానికి తయారవుతున్నారు. ఉపదేశిగారు సాయంత్రం పూట పిల్లలను కూర్చోబెట్టి పరలోక జపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం, పది ఆజ్ఞలు వల్లె వేయిస్తారు. అప్పజెప్పిన పిల్లలకు తెల్లబట్టలు, కొవ్వొత్తి. మావాడి సంగతేమిటని అమ్మ అడిగింది. పెద్దమనిషి ఒకాయన మెల్లగా, "వాడికి జపాలు రావు గదమ్మా. మామూలు అప్పానికీ సత్ప్రసాదానికీ తేడా వాడికేం తెలుసు? నోట్లోంచి వూసేస్తే ప్రభువుకు అవమానం గదా" అన్నాడు. ఆయన భయంలో భక్తి వుంది. అందుకే ఆ మాటను తేలిగ్గా తీసివేయలేకపోయాం.

తర్వాత నేను చదివి తెలిసికొన్నదేమంటే, యీ చర్చ మా గుడిలో మొదలైంది కాదు. 1215లో నాలుగవ లాటరన్ మహాసభ బుద్ధి తెలిసిన వయసు వచ్చిన ప్రతివాడూ యేడాదికొకసారైనా సత్ప్రసాదం తీసికోవాలన్నది. ఆ వయసు యెంత అన్నది తేలక, కాలక్రమేణా చాలా చోట్ల పది, పన్నెండు, పద్నాలుగేళ్ళ దాకా పిల్లలను ఆపేవారు. 1910లో పదవ భక్తినాథ పోపుగారు, ఆయనే పయస్ పోపుగారు, దాన్ని సుమారు యేడేళ్ళకు దించారు. శాస్త్రమంతా అప్పజెప్పనక్కరలేదు, మామూలు రొట్టెకూ దానికీ భేదం గ్రహిస్తే చాలునన్నారు. 1983 నాటి శ్రీసభ చట్టం కూడా పిల్లలు తమ శక్తికొలది గ్రహించాలనే అంటుంది. "శక్తికొలది" అన్న ఆ ఒక్క మాటలో మా తమ్ముడికి పట్టేంత చోటు వుంది. అంతకు చాలా ముందు, 13వ శతాబ్దంలోనే, అక్వీనాసు తోమాసు మహాశయుడు బుద్ధి బలహీనమైనా యెంతో కొంత భక్తి గలవారికి యీ సంస్కారం కాదనకూడదని వ్రాశాడు. 1995లో అమెరికా మేత్రాణులు, ఆ గ్రహింపు మాటతోనే తెలియనక్కరలేదు, ఒక సైగలో గాని, వినయంతో కూడిన మౌనంలో గాని తెలిస్తే చాలునని మార్గదర్శకాలు వెలువరించారు. 2007లో అప్పటి పోపు 16వ బెనెడిక్టుగారు మరొక మెట్టు యెక్కారు. అలాంటివారు తమను వెంటబెట్టుకొని వచ్చే కుటుంబపు విశ్వాసంలో, సంఘపు విశ్వాసంలో కూడా సత్ప్రసాదాన్ని స్వీకరిస్తారన్నారు. అంటే వాడి విశ్వాసం చాలదేమో అని కొలిచేవాళ్ళు ముందు తమ విశ్వాసాన్ని కొలుచుకోవాలన్నమాట.

మా ఫాదరుగారు చట్టాలు మాట్లాడలేదు. యింటికి వచ్చి నులకమంచం మీద కూర్చొని వాణ్ణి చూశారు. ప్రతిష్ఠ చేయని అప్పాలు కొన్ని కాగితంలో చుట్టి అమ్మ చేతికిచ్చి, "అలవాటు చేయండమ్మా" అన్నారు. మొదటిసారి వాడు నిజంగానే వూసేశాడు. అది అవమానించటం కాదు. ఆ పొడి పొడి స్పర్శ వాడి నాలుకకు పడదు. అమ్మ గోరంత ముక్క చేసి, గుక్కెడు నీళ్ళతో, రోజూ ఒకే వేళకు, ఒకే పీట మీద కూర్చోబెట్టి నేర్పింది. గోరంత ముక్కలోనూ ప్రభువు పూర్తిగా వుంటాడని శ్రీసభ యెప్పటినుంచో చెబుతున్నదే! ఆరు నెలలు పట్టింది.

యీ ఆరు నెలలూ ఫాదరుగారు యింకొకటి గమనించారు. పూజ జరుగుతున్నంతసేపూ మావాడు వెనక గుమ్మం దగ్గర కూర్చొని మోటారులాగా గొంతులో సన్నగా మూలుగుతూ వుంటాడు. యెత్తి చూపే వేళ చిన్న గంట మోగగానే ఆ మూలుగు ఆగుతుంది. గిన్నె దించేదాకా ఆగే వుంటుంది. మళ్ళీ మొదలవుతుంది. యే ఆదివారం చూసినా అంతే. పెద్దమనిషి గారు, "గంటకు ఆగుతున్నాడేమో ఫాదరుగారూ, ప్రభువుకు కాదేమో" అన్నారు. "అయివుండవచ్చు. మనలో యెంతమందిమి గంటకే మోకరిస్తున్నామో యెవరు చూడొచ్చారు?" అన్నారు ఫాదరుగారు.

యిక యింట్లో తగవు. ఆదివారం నాడు అందరు పిల్లలతో బాటు, తెల్లబట్టలతో, వూరంతా చూస్తుండగా వాడు తీసికోవాలని నాయనమ్మ పంతం. "యిన్నాళ్ళూ వాళ్ళ మాటలు పడ్డాం, యీ ఒక్కరోజూ చూడనీ" అంది. మైకు, బ్యాండు మేళం, జనం - వాడు తట్టుకోలేడని అమ్మ. "చాటుగా చేస్తే దాచుకున్నట్టు గాదూ?" అని నాయనమ్మ. యిద్దరి మాటలోనూ న్యాయం వుంది. చివరకు అమ్మ, "అత్తయ్యా, యిది వాడి కోసమా, వూరి కోసమా?" అని అడిగింది. మామూలు రోజున, తెల్లవారి పూజలో, మైకు లేకుండా, పదిమంది మధ్య వాడు సత్ప్రసాదం తీసికొన్నాడు. నాయనమ్మ తెల్లచొక్కా మాత్రం కుట్టించింది. మెడ దగ్గరి చీటీ గుచ్చుకుంటుందని అమ్మ దాన్ని ముందే కత్తిరించింది.

మరి పాపసంకీర్తనం? చావైన పాపం కావాలంటే విషయం పెద్దదై వుండాలి, తెలిసి చేయాలి, మనసారా సమ్మతించి చేయాలి అని మాకు సత్యోపదేశంలో నేర్పారు. యీ మూడూ వాడికి వర్తించవని అందరికీ తెలుసు. అందుకే నాయనమ్మ వాడిని "దేవదూత" అంటుంది. గుడి దగ్గర ఆడవాళ్ళూ అదే అంటారు. మొదట్లో నాకూ ఆ మాట తియ్యగానే వుండేది. కాని ఒకరోజు వాడు వంటింట్లో బెల్లం డబ్బా మూత తీయబోతూ, ముందు అటూ యిటూ చూశాడు! యెవరూ లేరని తేల్చుకొని మరీ తీశాడు. అమ్మ "దొంగ" అని నవ్వింది, నేనూ నవ్వాను. దేవదూత అటూ యిటూ చూడడు గదా.

అప్పటినుంచి నాకు ఆ మాట మీద అనుమానం పట్టుకుంది. దేవదూతకు చదువు చెప్పనక్కరలేదు, పంటి నొప్పికి డాక్టరు దగ్గరకు తీసికొనిపోనక్కరలేదు, నీకేం కావాలని అడగనక్కరలేదు. పాపఫలమని దూరం పెట్టటం ఒక విధం, దేవదూతని పైన కూర్చోబెట్టి చేతులు దులుపుకోవటం మరో విధం. రెండింటిలోనూ మనకు పని తప్పుతుంది. యీ రెండింటి నడుమ ఒక పిల్లవాడున్నాడు. వాడికి కోపం వుంది, ఆశ వుంది, దొంగబుద్ధి కాస్త వుంది. ఒకసారి కోపంలో అక్క చెయ్యి కొరికాడు. రాత్రి అందరం పడుకున్నాక తన చింతగింజల డబ్బా, యెవరినీ ముట్టనివ్వని డబ్బా, తెచ్చి అక్క పక్కన పెట్టి పోయాడు. దాన్ని పశ్చాత్తాపం అనవచ్చునో కాదో పండితులు తేల్చాలి. అక్క మాత్రం తేల్చుకుంది.

"యెప్పుడు బాగవుతాడు?" అన్నది నాలుగో ప్రశ్న. యిది అడిగేవారిలో మేమూ వున్నాం. విజయవాడలోని గుణదల మాత కొండ మనకందరికీ తెలిసినదే. యిటలీ నుంచి వచ్చిన అర్లాటి ఫాదరుగారు 1924లో అక్కడి రాతి గుహలో లూర్దు మాత స్వరూపాన్ని నిలిపారు. యేటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో తిరునాళ్ళు. కతోలికులే కాదు, అన్ని మతాలవారూ తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు. వాడికి మాటలు వస్తే నడిచి వస్తానని అమ్మ మొక్కుకుంది. యేడో యేట వాణ్ణి తీసికొనివెళ్ళాం. మంగలి కత్తి తల మీద పెట్టగానే వాడు పెట్టిన కేక యిప్పటికీ నా చెవుల్లో వుంది. జనం చుట్టూ మూగారు. "పట్టుకోండి, అణిచి పట్టుకోండి" అన్నారు. అమ్మ మంగలి చెయ్యి పట్టుకొని, "వద్దులే నాయనా, మాతకు వీడి వెంట్రుకలతో పనేముంది?" అని వాణ్ణి చంకన వేసికొని మెట్లు దిగింది.

ఆ తిరునాళ్ళ చివరి రోజు, ఫిబ్రవరి 11, లోకమంతటా రోగుల దినం కూడా. రెండవ జాన్ పాల్ పోపుగారు 1992లో నిర్ణయించగా 1993 నుంచి జరుపుతున్నారు. మంచిదే. కాని మా నాన్న అన్నట్లు వాడిది రోగం కాదే! మార్కు సువార్త యేడవ అధ్యాయంలో చెవుడు, నత్తి గల మనిషి కథ వుంది. స్వస్థతే అందరికీ గుర్తుంటుంది. ప్రభువు ముందు చేసిన పని నాకు గుర్తుంటుంది: ఆ మనిషిని జనంలోంచి పక్కకు తీసికొనిపోయాడు. వాడికి అర్థమయ్యే విధంగా చేతి స్పర్శతో మొదలుపెట్టాడు. అంత గుంపులో వాడికేమి కావాలో ఆయనకు తెలిసింది.

అలా పక్కకు తీసికొనిపోయేవాళ్ళు తక్కువ. మమ్మల్ని ఒక స్వస్థత కూటానికి రమ్మన్నారు. అది మా గుడి వాళ్ళది కాదు, యెవరిదో యిక్కడ అనవసరం. దయ్యం పట్టిందన్నారు, తల మీద చెయ్యి వేసి అదిమి, చెవి దగ్గర మైకుతో అరిచారు. మూడు రోజులు వాడు అన్నం ముట్టలేదు. దయ్యాలను వెళ్ళగొట్టటం వేరు, జబ్బు వేరు అనీ, ముఖ్యంగా మానసికమైన జబ్బులు చూడవలసింది వైద్యశాస్త్రమనీ కతోలిక సత్యోపదేశ గ్రంథమే స్పష్టంగా చెబుతుంది. ఆ పేజీ మన గుళ్ళలో చదివి వినిపిస్తే యెంతమంది పిల్లలు చెవులు మూసికొనే బాధ తప్పుతుందో!

లూర్దు విషయంలో కూడా ఒక కథ వుంది. ఫ్రాన్సులో ఒక తల్లీ తండ్రీ తీవ్ర వైకల్యం గల తమ యిద్దరు కొడుకులతో లూర్దు యాత్రకు వస్తామంటే యాత్ర నడిపేవారు కాదన్నారు. ఆ బాధలోంచి పుట్టింది 1971 ఈస్టరు యాత్ర. అలాంటి పిల్లలు, వాళ్ళ కుటుంబాలు, మిత్రులు కలిసి సుమారు 12 వేల మంది లూర్దు చేరారు. అక్కడ యెవరికి మాటలొచ్చాయో నాకు తెలియదు. తలుపు మాత్రం తెరుచుకుంది.

అమ్మ యిప్పుడూ జపమాల చెబుతుంది. ఆ మొక్కు సంగతి యేమైందని ఒకసారి అడిగాను. "మాటలు రావాలని అడగటం మానేశాను రా. వాడు చెప్పేది నాకు తెలియాలని అడుగుతున్నా" అంది. యీ మొక్కు కొద్దికొద్దిగా తీరుతున్నట్లే వుంది.

యింతవరకూ చెప్పిన నాలుగు ప్రశ్నలూ వాడి గురించి లోకం అడిగేవి. అయిదో ప్రశ్న మా యింట్లో రాత్రిపూట, దీపం ఆర్పాక వినిపించేది: "మన తర్వాత వీడికి యెవరు?"

అక్కకు సంబంధాలు చూస్తున్నపుడు, పెళ్ళివారు వచ్చే రోజున వాణ్ణి పొలం పంపించమని బంధువులు సలహా యిచ్చారు. నాన్న తల వంచుకొని కూర్చున్నాడు. అక్క లోపలినుంచి వచ్చి, "వాడు వసారాలో తన చోట్లోనే కూర్చుంటాడు. అది నచ్చని యింటికి నేనెందుకు పోవాలి?" అంది. ఒక సంబంధం పోయింది. రెండోది నిలిచింది. మా బావ మొదటిరోజే వాడి చింతగింజల వరసకు అడ్డం రాకుండా చుట్టూ తిరిగి వచ్చి కూర్చున్నాడు. ఆ ఒక్క అడుగు చూసి నాన్న సంబంధం ఖాయం చేశాడనుకుంటాను.

చట్టం కొంత చేసింది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్టు చట్టం ఆటిజం వంటి వైకల్యాలున్నవారికి 18 యేళ్ళు నిండిన తర్వాత చట్టబద్ధమైన సంరక్షకుణ్ణి నియమించే యేర్పాటు చేసింది. ప్రతి జిల్లాలోనూ కలెక్టరు వున్న కమిటీ దాన్ని పరిశీలిస్తుంది. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను లెక్కలోకి తీసికొంది, అందులో ఆటిజం వుంది. సదరం క్యాంపుకు పోయి సర్టిఫికెట్టు తెచ్చుకున్నాం. కాని కలెక్టరుగారు కాగితం యివ్వగలరు గాని, రాత్రి ఉరుము ఉరిమినపుడు వాడి చెవులు మూయలేరు గదా.

శ్రీసభకూ యిందులో బాధ్యత వుంది. జ్ఞానస్నానం నాడు జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి దీపం పట్టుకొని యీ బిడ్డకు తోడుంటామని అందరి యెదుట ఒప్పుకుంటారు. తర్వాత చాలామందికి అది ఫొటోలో మిగులుతుంది. 2014 నవంబరు 22న అప్పటి పోపు ఫ్రాన్సిస్‌గారు రోములో ఆటిజం గల పిల్లలను, వారి కుటుంబాలను కలిసినపుడు, వాళ్ళను కమ్మిన ఒంటరితనాన్నీ అపవాదునూ అందరూ కలిసి ఛేదించాలన్నారు. పెద్ద పని అనిపిస్తుంది గాని, అది చిన్న పనులతోనే జరుగుతుంది. మీ గుడిలో గాని, గుళ్ళో గాని, మసీదులో గాని ఒక పిల్లవాడు కేక వేస్తే వెనక్కు తిరిగి చూడకండి. ఆ తల్లికి అప్పుడు కావలసింది జాలి కాదు, మన వీపులు. పండుగ నాడు ఒక పూజ మైకు లేకుండా పెట్టమని మీ ఫాదరుగారిని అడగండి. ఆదివారం పూట ఒక గంట ఆ పిల్లవాడి దగ్గర కూర్చొని, వాళ్ళమ్మను నిద్రపోనివ్వండి. జపమాల కంటే అది తక్కువ ప్రార్థన అని నేననుకోను.

నేను యీ యేడు చదువు ముగించుకొని వెళుతున్నాను. నా మిత్రులు హైదరాబాదు అంటున్నారు, కొందరు యింకా దూరం అంటున్నారు. వాళ్ళకు వెళ్ళటం ఒక్కటే నిర్ణయం. నాకు వెళ్ళటం, వాడు - రెండూ కలిపి ఒక నిర్ణయం. దీన్ని త్యాగమని యెవరైనా పొగిడితే నాకు యిబ్బందిగా వుంటుంది. తమ్ముడున్నవాడు తమ్ముణ్ణి చూసుకోవటానికి అంత పెద్ద పేరెందుకు? భయం లేదని మాత్రం చెప్పను. నా జీతం, రేపు నా యింటికి వచ్చే మనిషి, నా ఆరోగ్యం, యివేవీ నా చేతిలో లేవు. దేవుడు చూసుకుంటాడని నాయనమ్మ అంటుంది. దేవుడు చూసుకునేది మనుషుల చేతులతోనే గదా నాయనమ్మా అంటాను.

యింకా నాలుగేళ్ళకు వాడికి 18 నిండుతాయి. సంరక్షకుడి దరఖాస్తు నమూనా నాన్న యిప్పుడే తెచ్చి బైబిలులో పెట్టాడు. మొన్న సెలవులకు వెళ్ళినపుడు తీసి చూపించి, "నీ పేరు వ్రాయమంటావా? ఆలోచించుకొని చెప్పు" అన్నాడు. ఆలోచించాను. వ్రాయమన్నాను.